చూసి పెట్టిన సున్న

తారీఖు 30 జూన్ 1993, బుధవారం. ఆకాశం మబ్బు పట్టి ఉంది, పడమటి గాలి గట్టిగా వీస్తోంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలో ఉన్న వాన కొలిచే డబ్బా మూత తీసి, గరాటులో పడిన వేపాకులు ఏరేసి, లోపల చూశాను. వాన సున్న.

(నవ్వులు)

నవ్వండి, పరవాలేదు. తారీఖూ, ఆకాశమూ, పొద్దున చేసిన పనీ రాయకుండా కాగితం మీద మరో మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్ల అలవాటు. ఇక మర్యాద ప్రకారం మొదలుపెడతాను.

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మండల రెవెన్యూ అధికారి గారికి, ఎనభై ఏళ్ల వయసులో కర్ర పట్టుకొని మెట్లెక్కి వచ్చిన మా పాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, గిర్దావర్ లక్ష్మీరాజం సారుకి, మా చర్చి నుంచి వచ్చిన సామ్యూల్ అయ్యగారికి, ఈ కచేరీలో నాతో కలిసి పనిచేసిన పెద్దలకూ తోటివారికీ నా నమస్కారాలు.

నేను సభలో మాట్లాడడం ఇదే మొదలు. ఇదే చివర కూడా కావచ్చు. ఇందాక మన టైపిస్టు కాశీనాథం నా గురించి మాట్లాడుతూ, "ముప్పై ఏండ్లల్ల దుర్గయ్య నోట్లకెళ్లి ముప్పై మాటలు ఇన్న, అండ్ల పదిహేను 'సున్న' అనే మాటనే" అన్నాడు. లెక్క తప్పు కాదు. అందుకే రాసుకొచ్చి చదువుతున్నాను. మధ్యలో తడబడితే క్షమించండి, నేను బడికి పోయి చదువుకున్నవాణ్ణి కాను.

మీరు నాకు శాలువా కప్పారు, పూలదండ వేశారు, అద్దం బిగించిన సన్మాన పత్రం ఇచ్చారు. పత్రంలో ఉన్న మంచి మాటలన్నీ కాశీనాథం రాసినవే. ఒక అటెండరుకు ఇంత చక్కని భాష ఖర్చు పెట్టినందుకు ఆయనకు కృతజ్ఞతలు. కానీ అందులో ఐదో వరుస ఇలా ఉంది: "ఎన్ని కష్టాలు వచ్చినా ఒక్కనాడు కూడా ప్రార్థన తప్పని విశ్వాసి." ఆ ఒక్క వరుస నిజం కాదు. అది దిద్దకుండా ఈ పత్రం పట్టుకొని ఇంటికి పోలేను. ఈ నాలుగు మాటలూ అందుకే.

(కాశీనాథం లేచి: "ఫ్రేమ్ కట్టినంక దిద్దుడేంది దుర్గయ్యా!" నవ్వులు)

కూర్చో కాశీనాథం. అద్దం పగలగొట్టనులే.

నేను 1963లో ఇక్కడ చేరాను. అప్పుడిది తాసిల్ కచేరీ. కుండల్లో నీళ్లు నింపడం, కాగితాల బస్తాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయడం నా పని. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మరుసటి ఏడు వాన కొలిచే మనిషికి బదిలీ అయితే ఆ పని నాకు అప్పగించారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు డబ్బాలో చేరిన నీటిని గాజు కొలతలో పోసి చూడాలి, రిజిస్టరులో రాయాలి, ఆ అంకె ఫోనులో జిల్లా ఆఫీసుకు, సంగారెడ్డికి పోతుంది. ఇంతే పని. ఇంతకన్నా సులువైన పని ఈ కచేరీలో లేదని అనుకున్నాను.

ఆ ఏడు జూన్‌లో వాన పట్టలేదు. పదహారు రోజులు నేను పోయి చూడడం, ఏమీ లేకపోవడం. లేనిదాన్ని ఏం రాయాలి? పదహారు గడుల మీదుగా పైనుంచి కిందికి ఒక్క గీత గీశాను. మీరంతా ఇప్పుడు నవ్వుతున్నారు గాని, నాకు అది చాలా అందంగా కనిపించింది. సంగారెడ్డి నుంచి ఫోను వచ్చింది, సిద్దిపేటలో వాన చూసేవాడు బతికి ఉన్నాడా అని. లక్ష్మీరాజం సారు నన్ను పిలిచారు. ఆ మాటలు ముప్పై ఏళ్లయినా నా చెవిలోనే ఉన్నాయి.

"ఏంరా దుర్గయ్యా, గీ గీతేంది?"

"వాన పడలే సార్."

"పడలేదా, నువ్వు సూడలేదా?"

"రోజు సూసిన సార్. ఏం లేదు. లేనిది ఏం రాయాలె?"

"లేదని రాయాలె. పడకపోవుడు మొగులు పని. సూడకపోవుడు నీ పని. గీత కొడితే నువ్వు సూడలేదన్నట్టు. సూసినంక ఏం లేకుంటే సున్న పెట్టు. సున్న అంటే ఒక మనిషి పోయి సూసొచ్చిండన్నట్టు. సమజైందా?"

సారు చెవి దగ్గర చేయి పెట్టుకొని వింటున్నారు, తనకు గుర్తు లేదని తల ఊపుతున్నారు. పరవాలేదు సార్. చెప్పినవారు మరిచిపోవచ్చు.

ఆ తిట్టు తిన్నాక అక్షరాలు నేర్చుకోవాలని పట్టుదల వచ్చింది. దుకాణాల బోర్డులు చూసి, బస్తాల మీది చీటీలు చూసి కూడబలుక్కున్నాను. ఒకరోజు బస్టాండులో ఎవరో సువార్త చిన్న పుస్తకాలు పంచుతుంటే, అచ్చు పెద్దగా ఉందని ఒకటి తీసుకున్నాను. మొదటి పేజీకి మూడు నెలలు పట్టింది. అక్షరాల కోసం చదివాను. అక్షరాలు వచ్చేసరికి అందులోని మనిషి నన్ను వదల్లేదు. 1968లో బాప్తిస్మం తీసుకున్నాను. దానియేలు అని పేరు పెట్టారు. సర్వీసు రిజిస్టరులో మాత్రం దుర్గయ్యే. కచేరీలో దుర్గయ్య, చర్చిలో దానియేలన్న, ఇంట్లో ఈ రెండూ కాదు, ఇంట్లో నా పేరు "ఇగో".

(నవ్వులు)

ఆ పేరుతో పిలిచిన మనిషి నా భార్య కిష్టవ్వ. బెజ్జంకి ఆడపిల్ల. మీలో చాలామంది ఆమె చేతి చాయ తాగినవాళ్లే. మాకు పిల్లలు లేరు. నేను బాప్తిస్మం తీసుకొని వచ్చిన రోజు ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పీట వేసి అన్నం పెట్టి చెప్పింది: "నీ దేవుడు నీకు, నా ఎల్లమ్మ నాకు. కుండ ఒక్కటే, అన్నం ఒక్కటే. నువ్వు పో, నన్ను గుంజకు."

నేను గుంజలేదు. కానీ కోరుకోవడం మానలేదు. కొండపాకలో ఉన్న మావాళ్లు పెళ్లిళ్లకు నన్ను పిలవడం మానేశారు. ఆమె ఒక్కతే పోయి వచ్చేది. ఆదివారం నేను ఒక్కణ్ణే చర్చికి పోయి వచ్చేవాణ్ణి. నీలిమందు పెట్టిన తెల్లచొక్కా ఆమే చేతికిచ్చేది, గడప దాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. మా చర్చిలో ఒక పక్క చాపల మీద మగవాళ్లు, మరో పక్క ఆడవాళ్లు కూర్చుంటారు. ఆమె వచ్చినా నా పక్కన కూర్చునేది కాదని నాకు తెలుసు. అయినా పాట పాడుతూ తల అటు తిప్పితే ఆ చాపల మీద నా మనిషి ఒకరు ఉండాలని ఉండేది. ఇరవై మూడేళ్లు అటు తల తిప్పాను. అక్కడ అందరి ఇంటివాళ్లూ ఉండేవారు.

1969 జనవరి ఒకటిన ఒక నోటుబుక్కు కొన్నాను. రోజూ తెల్లవారి ప్రార్థన చేసుకొని నాలుగు వరుసలు రాసేవాణ్ణి. తారీఖు, ఆకాశం, చేసిన పని. నాలుగో వరుసలో కిష్టవ్వ పేరు. దాని పక్కన, ఆమె ఇంకా రాలేదని, ఒక సున్న. ప్రభువా, ఈరోజు కూడా చూశాను, ఇంకా లేదు. లక్ష్మీరాజం సారు నేర్పిన పద్ధతే. దేవుని దగ్గర గీత కొట్టకూడదని.

కిష్టవ్వకు చదువు రాదు. ఒకసారి నా పుస్తకం తిప్పి చూసి, "గీ గుండ్రాలేంది?" అని అడిగింది. "వాన పడలేదని" అన్నాను. అది విశ్వాసి చెప్పిన అబద్ధం. నేను మోకరించి ఉంటే పొయ్యి దగ్గర నుంచి ఆమె వేళాకోళం చేసేది: "ఏమయ్యా, నీ దేవునికి చెవుడా ఏంది? రోజు గదే ముచ్చట చెప్తవ్. మా ఎల్లమ్మకు ఏడాదికొక్కపారి బోనం పెట్టి చెప్తే యాదుంచుకుంటది."

(నవ్వులు)

అయ్యగారూ, మీరు కూడా నవ్వారు. ఆమె వింటే సంతోషించేది.

ఆ రోజుల్లో నన్ను ఒక మాట పట్టుకుంది. దేవుని కొరకు "కనిపెట్టుకొని ఉండుము" అని వాక్యంలో చాలా చోట్ల వస్తుంది. సొంతంగా చదువుకున్నవాడి తిప్పలు చూడండి. రేడియో కనిపెట్టినవాడు, కరెంటు కనిపెట్టినవాడు అని విన్నాను గనుక, దేవుణ్ణి కూడా ఎక్కడో వెతికి కనిపెట్టాలనుకున్నాను. ఆరేళ్లు అట్లాగే అనుకున్నాను. మా చర్చిలో అమృతమ్మ అని కాన్పులు చేసే పెద్దావిడ ఉండేది. సిగ్గు విడిచి ఆమెను అడిగితే నడుం పట్టుకొని నవ్వింది.

"ఓరి పిచ్చి దానియేలా! కనిపెట్టుకొని ఉండుడంటే ఎతుకుడు గాదు. బాలెంత పక్కన కూసుంటం సూడు, గట్ల. నిద్రవోకుంట, మొఖం సూసుకుంట."

నిద్రపోకుండా అన్నది పట్టుకున్నాను. ముఖం చూసుకుంటూ అన్నది వదిలేశాను. ఆ సంగతి నాకు పోయిన నవంబరు దాకా తెలియలేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఎక్కువ సేపు తీసుకోను సార్.

పోయిన నవంబరులో కిష్టవ్వను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. వాన చూసే పని కాశీనాథానికి చెప్పి పోయాను. తిరిగొచ్చాక రిజిస్టరు తీస్తే తొమ్మిది సున్నలు ఉన్నాయి. ఒకే సిరా, ఒకే సైజు, ఒకదాని కింద ఒకటి ముత్యాల్లాగా. మా పక్కింటి పద్మమ్మ చెప్పింది, నాలుగో రోజు వాన దంచి కొడితే నేను బయట మరిచిపోయిన మంచం ఆమే లోపల వేయించిందని.

(కాశీనాథం: "సూసిన దుర్గయ్యా! కిటికీలకెళ్లి సూసిన!" పెద్దగా నవ్వులు)

కిటికీలోంచే చూశాడట. ఆ గాజుకు తెల్లరంగు వేసి పదేళ్లయింది.

నేను అప్పుడు నిన్ను ఏమీ అనలేదు కాశీనాథం. ఎందుకు అనలేదో ఈరోజు చెబుతాను. చూడకుండా సున్న పెట్టడం గీత కన్నా పెద్ద తప్పు. గీత తాను చూడలేదని ఒప్పుకుంటుంది, ఆ సున్న ఒప్పుకోదు. కానీ నిన్ను తప్పు పట్టే ముఖం నాకు లేకపోయింది. నీవి తొమ్మిది రోజులు. నావి ఎన్ని ఏళ్లో నాకే తెలియదు.

పోయిన ఏడు బతుకమ్మ పండుగకు కిష్టవ్వ ఆడడానికి పోలేదు. ఏ ఏడూ ఆగని మనిషి. తంగేడు పూలకు పోలేదు, పట్టుచీర తీయలేదు. వాకిట్లో గడప మీద కూర్చొని, వీధిలో ఆడేవాళ్ల పాట వింటూ ఉండిపోయింది. నేను లోపలి నుంచి చూశాను. నా గుండె ఎగిరింది. ఇరవై మూడేళ్ల తర్వాత నా ప్రార్థన కదిలిందనుకున్నాను, ఆమె మనసు ఆ పండుగ నుంచి మళ్లుతోందనుకున్నాను. కొలతకు అందనంత కొద్దిగా పడితే రిజిస్టరులో "చినుకు" అని రాస్తాం. ఆ రోజు నా పుస్తకంలో కిష్టవ్వ పేరు పక్కన మొదటిసారి సున్న పెట్టలేదు. "చినుకు" అని రాశాను. మోకరించి కన్నీళ్లతో స్తుతించాను. ఆదివారం అయ్యగారికి కూడా చెప్పాను. ఆయన చర్చిలో అందరి ముందూ సాక్ష్యంగా చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు.

దవాఖానలో నర్సమ్మ కిష్టవ్వ కాళ్ల మీది దుప్పటి తీసి నన్ను అడిగింది, "ఈ వాపు ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని.

ఏ తారీఖున ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అడిగితే నేను పుస్తకం చూడకుండా చెప్పగలను. ఈ కచేరీలో అందరికీ తెలుసు. ఆ వాపు తారీఖు నా పుస్తకంలో లేదు. మంచం మీద నుంచి ఆమే చెప్పింది.

"బతుకమ్మకు ముంగట్నుంచి ఉన్నదమ్మా. కాళ్లు గుండ్లోలె అయినయ్. ఆడనీకె పోదామనుకున్న, లేవనీకె రాలే."

అదీ నా చినుకు. ఆమె అడుగు తీసి అడుగు వేయలేక గడప మీద కూలబడితే నేను లోపల కూర్చొని దేవునికి స్తోత్రం చెప్పాను. తెల్లవారి ఆమె పేరు దేవుని దగ్గర చెప్పాను గాని, ఆమె ముఖం చూడలేదు. ఉబ్బిన కళ్లు చూడలేదు. బిందె దించేటప్పుడు గోడ పట్టుకోవడం చూడలేదు. ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయంటే, అప్పుడు నా కంటి ముందే జరిగాయన్నమాట. కిటికీకి రంగు వేసుకొని సున్నలు పెట్టినవాణ్ణి నేనే.

ఎనిమిదో రోజు ఆమెకు కొంచెం తెలివి బాగుంది. నన్ను పిలిచింది.

"ఇగో. ఇయ్యాల చెప్పినవా నీ దేవునికి?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

"మరి గుండ్రం పెట్టుకున్నవా?"

ఆమె నవ్వింది. "నాకు ఎర్కలేదనుకున్నవా? గవి వానయి కావని నాకెప్పుడో తెల్సు. బగ్గ వాన వడ్డనాడు గూడ గుండ్రమే పెడ్తివి. గవి నాయే అని అప్పుడే అనుకున్న."

నేను ఇరవై మూడేళ్లు దేవుని కోసం కనిపెట్టుకొని ఉన్నాననుకున్నాను. చదువు రాని ఆ మనిషి, వాన పడిన రోజు ఒక్క సున్న చూసి నన్ను కనిపెట్టేసింది. కనిపెట్టి, ఒక్కనాడూ దెప్పకుండా, నా పుస్తకం దుమ్ము దులిపి అదే గూట్లో పెట్టింది.

తర్వాత ఒక మాట అంది. "రాలేదనే రాసుకో, నాకేం కోపం లేదు. గని సూసి రాసుకో ఏమయ్యా. నన్ను సూసి రాసుకో."

చూశాను. ఆ రోజంతా చూశాను. మరుసటి రోజు ఉదయం ఆమె పోయింది.

(నీళ్లు తాగి)

అయ్యగారూ, ఆ తర్వాత మీరు రెండు ఆదివారాలు ప్రసంగంలో నా పేరు చెప్పారు. దానియేలన్నను చూడండి, భార్య పోయినా విశ్వాసం చెదరలేదు, ఒక్క ఆదివారం కూడా తప్పలేదు అన్నారు. నేను రావడం నిజమే. అందరితో పాటు కళ్లు మూసుకోవడం నిజమే. కానీ ఈ ఏడు నెలల్లో నేను ఒక్క మాట ప్రార్థన చేయలేదు. పుస్తకంలో తారీఖు ఉంది, ఆకాశం ఉంది, చేసిన పని ఉంది. నాలుగో వరుస ఖాళీ. సున్న కూడా కాదు. కాబట్టి కాశీనాథం, ఐదో వరుస కొట్టెయ్. నా ప్రార్థన తప్పింది. ఈరోజు పొద్దున కూడా తప్పింది.

ఈ మాట చర్చిలో చెప్పకుండా కచేరీలో ఎందుకు చెబుతున్నానని అయ్యగారికి కష్టంగా ఉండవచ్చు. చర్చిలో చెబితే ఓదారుస్తారు. ఇక్కడ రిజిస్టరు తెలిసిన మనుషులు ఉన్నారు. సున్నకూ గీతకూ తేడా మీకు తెలుసు. పైగా, అయ్యగారూ, మీరు కూడా వచ్చి ఇక్కడ కూర్చున్నారు గనుక ఒకేసారి ఇద్దరికీ చెప్పినట్టయింది.

నాకు విశ్వాసం పోయిందా అంటే పోలేదు. దాని గురించి నేను పెద్ద మాటలు చెప్పలేను. నాకు అర్థమైనంత చెబుతాను. వాన పడని పదహారు రోజులూ మొగులు, అంటే ఆకాశం, అక్కడే ఉంది, దాన్ని నేను అనుమానించలేదు. నేను అడిగింది ఆయన ఇవ్వలేదు. ఆమె చర్చికి రాలేదు. అది సున్న. దాన్ని చినుకు అని దిద్దుకొని నన్ను నేను మోసం చేసుకోను. కానీ నేను ఆమెను చూడని రోజుల్లో ఆమెను చూస్తున్నవాడు ఒకడున్నాడని నమ్ముతున్నాను. లేకపోతే ఆ ఎనిమిదో రోజు 'నన్ను సూసి రాసుకో' అని ఆమె చేత అనిపించింది ఎవరు? ఇరవై మూడేళ్లు నేను ఆయన్ని అడుగుతూ ఉన్నాను, మాట్లాడిందల్లా నేనే. ఆ ఒక్క రోజు ఆయన అడిగాడేమో. ఆమె గొంతుతో అడిగాడు గనుక నేను పోల్చుకోలేకపోయానేమో. ఖాళీ గడి నా పుస్తకంలో ఉంది. ఆయన పుస్తకం నాకు కనబడదు.

మరి ఇంత తెలిసినవాడివి మళ్లీ మోకరించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ప్రయత్నించాను. మోకరిస్తే ఎవరి పేరు చెప్పాలో తెలియదు. ఇన్నేళ్లూ నా నోటికి వచ్చింది ఒక్క పేరే. అది ఇప్పుడు చెబితే దేవుని కన్నా ముందు ఆ గది ఖాళీ నాకు వినపడుతుంది. లేచి బయటికి వచ్చేస్తున్నాను. రేపటి నుంచి ఎనిమిదిన్నరకు కచేరీ కూడా ఉండదు. పొద్దున చూడడానికి వాన లేదు, చెప్పడానికి పేరు లేదు. నాకు భయంగా ఉంది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు.

వాన చూసే పని జ్ఞానేశ్వరికి అప్పగించాను. నాలుగేళ్ల కింద భర్త పోతే ఆయన జాగాలో ఈ కచేరీలో అటెండరుగా చేరిన బిడ్డ. మొదటి వారం నేర్పుతుంటే, "సున్న పెట్టేతందుకు రోజు గింత దూరం నడ్వాల్నా కాకా?" అని అడిగింది. నడవాలమ్మా. కాశీనాథం నీకు కిటికీ చూపిస్తాడు, దగ్గరికి పోకు.

(నవ్వులు)

ఇప్పుడు సిగ్గు విడిచి మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. ముప్పై ఏళ్లలో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మీలో ఎవరైనా నాకు ఒక పేరు ఇవ్వండి. మీ పేరో, మీ ఇంట్లోవాళ్ల పేరో. మతం మారమని అడగను, చర్చికి రమ్మని అడగను. నా దేవుని దగ్గర ఆ పేరు చెబుతాను, అంతే. ఊరికే చెప్పను, చూసి చెబుతాను.

(కాశీనాథం: "నా పేరు రాస్తే నీ పుస్తకం కాలిపోతది దుర్గయ్యా." కొందరి నవ్వు. ఎవరూ పేరు ఇవ్వరు)

తొందర లేదు. ఇబ్బందిగా ఉంటే వదిలేయండి. నేను అడగకుండా ఉండాల్సింది. ఇక మిగిలిన రెండు పేజీలు...

(వెనక గోడ దగ్గర నుంచి జ్ఞానేశ్వరి: "నా పేరు రాసుకో కాకా.")

ఎవరు? నువ్వా బిడ్డా? ఏమని చెప్పాలె నీ కోసం?

("ఏం చెప్పకు. ఊకె రాసుకో.")

ఊకె రాసుకోనమ్మా. ఊకె రాసుకున్న రోజులు అయిపోయినయ్. ఉండు, అద్దాలు పెట్టుకోనీ, నిన్ను చూడనీ.

పొద్దటి నుంచి ఈ కుర్చీలన్నీ వేసింది నువ్వే. మా అందరికీ నీళ్లు ఇచ్చింది నువ్వే. ఇందాక నాకు గ్లాసు ఎడమ చేత్తో ఇచ్చావు. నువ్వు ఎడమ చేత్తో ఇచ్చే మనిషివి కాదు. కుడి చేయి కొంగులో ఎందుకు పెట్టుకున్నవ్? తియ్యి. చేయి చూపించు.

("ఏం లేదు కాకా. పొద్దుగాల చాయ గిన్నె ఒరిగింది. సున్నం రాసుకున్న.")

పైకెత్తు బిడ్డా. మణికట్టు దాకా పొక్కింది. పొద్దున కాలితే ఇప్పటి దాకా ఇట్లాగే తిరిగినవా? ఎవరూ అడగలేదా? నేనూ అడగలేదు. నీ చేతి నీళ్లు తాగి, చూడడం గురించి ఇంతసేపు ఉపన్యాసం చెప్పాను.

అధ్యక్షుల వారూ, క్షమించండి. రెండు పేజీలు చదవకుండానే మడిచిపెడుతున్నాను. దవాఖానలో చీటీలు పన్నెండింటి దాకానే రాస్తారు, ఇప్పుడు పదకొండు నలభై. ఈ బిడ్డను నేను తీసుకుపోతాను. కాశీనాథం, నీ సైకిలు తాళం ఇటు ఇయ్యి. కాదు, సైకిలు వద్దు, ఎగుడుదిగుళ్లకు చేయి అదురుతుంది. రిక్షా పిలువు. అయ్యగారూ, మీరు కూర్చోండి, భోజనం చేసి పొండి, నాకు తోడు అక్కర్లేదు. ఇద్దరం ఉన్నాం.

లక్ష్మీరాజం సారుకి, అధ్యక్షుల వారికి, మీ అందరికీ, ముప్పై ఏళ్లు నన్ను భరించినందుకు కృతజ్ఞతలు. నడువు జ్ఞానేశ్వరీ, చేయి కిందికి వేలాడేయకు, పైకి పట్టుకో. సెలవు.